కరువు మేడమ్ చెప్పని మాట

మా ఆఫీసులో ఆవిడకి కరువు మేడమ్ అని పేరు. పెట్టింది నేనే. పెట్టిన రోజున అందరికంటే గట్టిగా నవ్వింది ఆవిడే కాబట్టి ఆ పేరు అలాగే నిలిచిపోయింది.

మాది బ్యాంకుల మీద కన్నేసి ఉంచే కార్యాలయం. జనం దాచుకున్న డబ్బును బ్యాంకులు ఎలా వాడుతున్నాయో చూడటం, హద్దు దాటితే చెవి మెలిపెట్టడం మా పని. ఏడాదికోసారి పెద్ద బ్యాంకులన్నిటికీ ఒత్తిడి పరీక్ష పెడతాం. పరీక్షంటే బ్యాంకు వాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడం కాదు, రాని కష్టాలను వచ్చినట్టే అనుకుని లెక్క కట్టడం. పదిమందిలో ఒకరికి ఉద్యోగం పోయిందనుకుందాం. ఇళ్ల ధరలు మూడోవంతు పడిపోయాయనుకుందాం. వడ్డీలు పెరిగాయనుకుందాం. ఇదంతా మూడేళ్లు సాగిందనుకుందాం. అప్పుడు ఎంతమంది అప్పు తీర్చలేక చేతులెత్తేస్తారు? ఆ నష్టాన్నంతా బ్యాంకు తన సొంత పెట్టుబడిలోంచి భరించాక ఇంకా ఏం మిగులుతుంది? మిగిలింది మేం గీసిన గీతకు పైన ఉంటే బ్యాంకు పాసు. కిందికి జారితే ఫెయిలు. ఫెయిలైన బ్యాంకు తనను తాను ఎలా సరిచేసుకుంటుందో ప్రణాళిక రాసి మా చేతికివ్వాలి.

ఆ రాని కష్టాలన్నీ రాసేది ఆవిడ. ఎంత శ్రద్ధగా రాసేదంటే, చదివాక మాకు ఇంటికెళ్లి తలుపులు బిగించుకుని కూర్చోవాలనిపించేది. ముప్ఫై ఏళ్ల పాత పత్రికలు తిరగేసేది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మూతపడ్డ దుకాణాలు లెక్కపెట్టి చిన్న పుస్తకంలో రాసుకునేది. పెళ్లి చేసుకోలేదు. రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. అప్పటికి నలభై ఆరేళ్లుంటాయి. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, "అన్ని కష్టాలూ ఊహించి రాసేదాన్ని, అది కూడా ఊహించేశాను, చాలు" అనేది.

ఆవిడకు ఉన్నదల్లా అక్కా, బావా. వాళ్లిల్లు రెండు స్టాపుల అవతల. ఆదివారం భోజనం అక్కడే. బావది అట్టపెట్టెల కార్ఖానా. పెద్దదేం కాదు. రేకుల షెడ్డు, ఆరుగురు పనివాళ్లు. మందమైన అట్టలు తెచ్చి, మడతలు రావలసిన చోట గీతలు నొక్కి, గాట్లు కొట్టి, అచ్చు వేసి, తీగతో కుట్టి పెట్టెలు చేస్తారు. చెప్పుల కంపెనీలు, మందుల కంపెనీలు కొంటాయి. తీగ కుట్టే మిషను మీద కూర్చునే ముసలాయన్ని అందరూ తీగతాత అనేవాళ్లు. ఆయన వేళ్ల మధ్య పెట్టె ఒక్కసారి గిర్రున తిరిగితే నాలుగు కుట్లు పడేవి.

బావకూ ఆవిడకూ మాటకు మాట. ఆదివారం ఆవిడ చెప్పులు విప్పుతుండగానే మొదలుపెట్టేవాడు.

"రా మరదలా, ఈ వారం దేశానికి ఎన్ని కష్టాలు తెచ్చావు?"

"మూడు తెచ్చా బావా. ఒకటి నీ కోసం విడిగా దాచా."

"దాచుకో, దాచుకో. మీ అక్క ఇచ్చేవి సరిపోతున్నాయి నాకు."

వంటగదిలోంచి అక్క గరిటె చప్పుడు గట్టిగా వినిపించేది. ఇవన్నీ ఆవిడే నాకు చెప్పింది. ఆవిడ పక్క బల్ల దగ్గర తొమ్మిదేళ్లు పనిచేశాను. సోమవారం పొద్దున్న టీ తాగుతూ ఆదివారం కబుర్లు వినడం నాకు అలవాటు.

ఆ ఏడు మా ఇద్దరికీ ఒక అంకె దగ్గర పేచీ వచ్చింది. కష్టకాలం వస్తే చిన్న కార్ఖానాలు, దుకాణాలు తీసుకున్న అప్పుల్లో నూటికి ఎన్ని మునుగుతాయి? నేను పదకొండు అన్నాను. ఆవిడ పధ్నాలుగు అంది.

"పధ్నాలుగు మరీ ఎక్కువండీ. ఎప్పుడూ అంత మునగలేదు," అన్నాను.

"ఎప్పుడూ జరగనిది ఊహించడానికేగా మనకు జీతాలిస్తున్నారు."

"చిన్నవాళ్ల మీద అంత అపనమ్మకం దేనికి?"

"అపనమ్మకం కాదు. దగ్గర్నుంచి చూస్తున్నా. ఒక్క కంపెనీ రెండు నెలలు డబ్బు ఆపితే చాలు, మా బావకు నిద్రపట్టదు. వాళ్ల చేతిలో మిగులు ఉండదు. కాస్త గట్టిగా గాలొస్తే పడిపోతారు."

మా డైరెక్టరుగారు ఇద్దరి మాటా విన్నారు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ పెద్దావిడ. గొంతు పెంచరు, ఎవరి మాటా మధ్యలో తుంచరు. రెండు రోజులు ఆలోచించి పధ్నాలుగే ఖాయం చేశారు. కరువు మేడమ్ నాకు టీ కొనిచ్చింది. "ఓడిపోయినవాళ్లకు నా వంతు ఓదార్పు," అంది.

మరో ఆరు వారాలకు ఫలితాలు వచ్చాయి. ఆ రోజుల్లో మా ఫోన్లన్నీ తలుపు దగ్గర చెక్కపెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్లు. ఫలితాలు పత్రికలకు ఇచ్చేదాకా ఒక్క అక్షరం బయటికి పోకూడదు. పోతే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, కేసు కూడా. కారణం లేకపోలేదు. ఫలానా బ్యాంకు ఫెయిలైందని ఒక్కరికి తెలిస్తే, సాయంత్రానికి ఆ బ్యాంకు ముందు చాంతాడంత క్యూ ఉంటుంది. బతకగలిగిన బ్యాంకు కూడా ఆ తొక్కిడికి పోతుంది.

ఒక్కటి తప్ప అన్నీ పాసయ్యాయి. ఫెయిలైంది వీధికో శాఖ ఉన్న పెద్ద బ్యాంకు. గీతకు కొద్దిగా కింద ఉంది. ఉబుసుపోక నేను పధ్నాలుగు తీసి పదకొండు పెట్టి మళ్లీ లెక్క కట్టాను. బొటాబొటిగా పాసవుతోంది. నోరు ఊరుకోక ఆ మాట ఆవిడతో అన్నాను. అనకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

నెలలోపే ఆ బ్యాంకు ప్రణాళిక పంపింది. ఆ కాగితాలు ముందు ఆవిడ బల్ల మీదికే వచ్చాయి. కొత్త పెట్టుబడి తెస్తాం అని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాశారు, ఎంత తెస్తారో రాయలేదు. అసలు సంగతి తొమ్మిదో పేజీలో ఉంది. చిన్న సంస్థలకు ఇచ్చిన ఓడీలు గడువు తీరి రెన్యూవల్‌కు రాగానే సగానికి కోస్తారట, వచ్చే నెల నుంచే. ఓడీ అంటే, బ్యాంకు ఒప్పుకున్న హద్దు వరకు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుని, సరుకు అమ్ముడయ్యాక కట్టుకునే అప్పు. చిన్న కార్ఖానాకు అదే ఊపిరి. పెద్ద కంపెనీల జోలికి పోతే లాయర్లు దిగుతారు. చిన్నవాళ్లకు ఉత్తరం ముక్క చాలు. ప్రణాళికలో అలా రాయలేదు గానీ, మా పనిలో ఉన్నవాళ్లెవరికైనా అర్థమయ్యే విషయమే.

బావ ఓడీ ఆ బ్యాంకులోనే ఉంది.

ఆ ఆదివారం ఆవిడ వాళ్లింటికి వెళ్లేసరికి ముందుగదిలో చాప మీద రంగుల కాగితాలు పరిచి ఉన్నాయి. బావ వాటి మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"చూడు మరదలా, కొత్త మిషను. అచ్చు వేయడం, గాట్లు కొట్టడం రెండూ ఒక్క దెబ్బకు అయిపోతాయి. ఇప్పుడు ముగ్గురు రోజంతా చేసే పని దీంతో పొద్దున్నే అయిపోతుంది."

"పెద్దదే!"

"చెప్పుల కంపెనీవాడు రెట్టింపు ఆర్డరిస్తానంటున్నాడు, టైముకి ఇవ్వగలిగితే. గురువారంలోగా అడ్వాన్సు కట్టమంటున్నారు మిషనువాళ్లు."

"డబ్బో?" అని అడిగింది ఆవిడ. తన గొంతు తనకే కొత్తగా వినిపించిందట.

"దాచుకున్నదంతా అడ్వాన్సుకి పోతుంది. మిగతాది నెలనెలా వాయిదాలు. అట్టలు కొనడానికి ఓడీ ఎలాగూ ఉంది. వచ్చే నెల రెన్యూవలు. పదిహేనేళ్లుగా దానంతటదే అవుతోంది. మేనేజరు మొహం కూడా చూడక్కర్లేదు." బావ కాగితాల మీంచి తలెత్తాడు. ఈసారి వేళాకోళం లేదు. "నువ్వు బ్యాంకుల పనిలోనే ఉన్నావుగా. చెప్పు. కొనమంటావా, వద్దంటావా? నువ్వెలా అంటే అలా."

ఆవిడకు తొమ్మిదో పేజీ కళ్ల ముందు కదులుతోంది. కేసు, ఉద్యోగం, పదమూడేళ్ల సర్వీసు, చెక్కపెట్టె తాళం అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"మిషన్ల సంగతి నాకేం తెలుసు బావా. నీ వ్యాపారం, నీ ఇష్టం," అంది.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "దాన్నడుగుతావేంటండీ. దానికి దేశం లెక్కలే గానీ ఇంటి లెక్కలు తెలీవు. కొందాం అనుకున్నాక కొనండి, అంతే."

"వద్దనలేదుగా, అంటే కొనమన్నట్టే," అని బావ నవ్వి కాగితాలు సర్దేశాడు.

ఆవిడ భోంచేసింది. మారు వడ్డిస్తే వద్దనలేదు. బస్సులో ఇంటికొస్తుంటే మొదట కలిగింది గర్వమేనట. అంత దగ్గరివాడు అడిగినా నోరు జారలేదు, ఉద్యోగధర్మం తప్పలేదు. ఇంటి తాళం తీసేసరికి ఆ గర్వం కాస్తా చేదెక్కింది. సోమవారం టీ దగ్గర కబుర్లేవీ చెప్పలేదు. ఒంట్లో బాగాలేదంది.

గురువారం బావ అడ్వాన్సు కట్టాడు. మూడు వారాలకు మిషను దిగింది. షెడ్డు తలుపు చాలక ఒక పక్క గోడ పగలగొట్టి లోపలికి దింపారట. మొదలుపెట్టే రోజున ఆవిడ రాకపోతే కుదరదని బావ పట్టుబట్టాడు. పనివాళ్లంతా చుట్టూ నిలబడ్డారు.

"నా మరదలు చేత్తో మొదలవ్వాలి. బ్యాంకులన్నీ ఈవిడంటే గడగడలాడతాయి తెలుసా?" అన్నాడు వాళ్లతో.

మీట నొక్కక తప్పలేదు. మొదటి అట్ట లోపలికి వెళ్లి, అచ్చు పడి, గాట్లు పడి అవతలికి వచ్చింది. తీగతాత దాన్ని అందుకుని గిర్రున తిప్పి కుట్టి, పెట్టె చేసి ఆవిడ చేతిలో పెట్టాడు. "మొదటిది మీకేనమ్మా. ఏదైనా మంచిది దాచుకోండి," అన్నాడు. ఆవిడ దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఖాళీ పెట్టె ఎంత బరువుంటుందో ఆ రోజే తెలిసిందని ఒకసారి అంది.

పదకొండు రోజుల తర్వాత బ్యాంకు నుంచి బావకు ఉత్తరం వచ్చింది. ఓడీ హద్దు సగం చేస్తున్నాం, హద్దుకు మించి వాడుకున్నది తొంభై రోజుల్లో కట్టాలి. పదిహేనేళ్లలో ఆ బ్యాంకు ఆయనకు రాసిన మొదటి ఉత్తరం అదేనట.

బావ మేనేజరు దగ్గరికి పరిగెత్తాడు. మేనేజరు మంచినీళ్లిచ్చి, పైవాళ్ల ఆర్డరన్నాడు. ఏ పైవాళ్లని అడిగితే సీలింగు వైపు చూపించాడు. బావ అక్కణ్నుంచి నేరుగా ఆవిడకు ఫోను చేశాడు.

"మరదలా, మీ ఆఫీసునుంచి ఒక్క మాట చెప్పిస్తే పని జరుగుతుందంటావా? నాకేం దానం చెయ్యక్కర్లేదు. ఎప్పట్లా ఉంచితే చాలు."

"మేము అలా చెప్పకూడదు బావా."

"అవునులే. నీకు చెడ్డపేరు రాకూడదు. నేనడిగినట్టు అనుకోకు."

అంతే, ఇంకోసారి అడగలేదు. తిట్టినా బాగుండేదంటుంది ఆవిడ. తనకు చెడ్డపేరు రాకూడదని ఆయన వెనక్కి తగ్గడం ఆవిడకు మింగుడు పడలేదు.

తర్వాత జరిగింది ఎవరైనా ఊహించగలరు. ఆవిడైతే శాతాలతో సహా ఊహించగలదు. అట్టల వ్యాపారి అరువివ్వనన్నాడు. అట్టలు లేక కొత్త మిషను రెండు రోజులు ఆడితే నాలుగు రోజులు ఊరుకుంది. చెప్పుల కంపెనీ ఆర్డరు టైముకి అందలేదు, వాళ్లు వేరేచోట చూసుకున్నారు. మిషను వాయిదాలు మాత్రం నెలనెలా వచ్చి నిలబడ్డాయి. ఆవిడ తను దాచుకున్నది తీసుకెళ్లి అక్క చేతిలో పెట్టబోయింది. అక్క తీసుకోలేదు. "ముసలితనంలో నిన్నెవరు చూస్తారే? ఉంచుకో," అంది. ఐదో నెలలో బావ మిషనును సగం ధరకంటే కాస్త ఎక్కువకి అమ్మేశాడు. వచ్చింది వచ్చినట్టు బ్యాంకుకూ మిషనువాళ్లకూ సరిపోయింది. ఆరుగురు పనివాళ్లలో నలుగుర్ని పంపేశాడు. వాళ్లలో తీగతాత ఒకడు. ఇంకో రెండు నెలలకు మిగతా ఇద్దరికీ కూడా లెక్క తేల్చి, షెడ్డుకు తాళం వేసి, వేరే పెట్టెల కంపెనీలో సూపర్‌వైజరుగా చేరాడు. యాభై మూడేళ్ల వయసులో, ఇంకొకడి కింద.

ఆ వారం ఆవిడ డైరెక్టరుగారి గదికి వెళ్లింది. నన్నూ రమ్మంది. ఒక్కతే వెళ్లడానికి ధైర్యం చాల్లేదనుకుంటాను. జరిగిందంతా నిలబడే చెప్పింది. చివర్న, "నేను నియమం తప్పలేదు మేడమ్. కానీ ఆ నియమంతో మావాళ్లను ముంచేశాను," అంది.

డైరెక్టరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మీ బావగారు ఆ బ్యాంకులో అప్పు తీసుకున్నారని నాకు ముందే చెప్పాల్సింది. ఆ ఫైలు మీ దగ్గర్నుంచి తీసేసేదాన్ని."

"బంధువుల అప్పుల ఫారంలో భర్తా పిల్లల గురించే అడిగారు మేడమ్. నాకిద్దరూ లేరు."

"సరే, అది మా ఫారం తప్పు. ఇంకొకటి అడుగుతాను. మీకు ఆ ప్రణాళిక సంగతి ఏమీ తెలీదనుకోండి. మీ బావగారు దాచుకున్నదంతా మిషనుకు పెట్టి, ఓడీ మీద ఆధారపడతానన్నారు. అప్పుడు మీరేం చెప్పేవారు?"

ఆవిడ వెంటనే జవాబిచ్చింది. పదమూడేళ్ల పని అది, ఆలోచించక్కర్లేదు. "రెన్యూవల్ కాగితం చేతికొచ్చాకే అడ్వాన్సు కట్టమనేదాన్ని..."

మాట పూర్తి కాకముందే ఆగిపోయింది.

"అది రహస్యమా?" అని అడిగారు డైరెక్టరుగారు. గొంతులో కోపం లేదు. "మనం జనానికి పంచే కరపత్రంలో ఉన్న మాటేగా అది. ఎవరు అడిగినా చెప్పే మాట."

ఆవిడ మొహం నేను చూడలేకపోయాను. ఆ క్షణం దాకా ఆవిడకు ఒక దన్ను ఉండేది. నియమం నోరు కట్టేసింది, నేనేం చేయను అనుకునేది. నోరు కట్టేసింది నియమం కాదు, భయం. తెలిసిన రహస్యాన్ని గట్టిగా దాచాలన్న కంగారులో, తెలియనివాళ్లు కూడా చెప్పగలిగిన మాటను మింగేసింది. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయింది. "నాలుగు మాటలండీ. నాలుగే నాలుగు మాటలు," అంది. నేను పక్కన కూర్చున్నాను.

అప్పటికి ఫలితాలూ ప్రణాళికా పత్రికల్లో వచ్చేసి చాలా రోజులైంది. దాచాల్సిందేమీ మిగల్లేదు. వచ్చిన ఆదివారం ఆవిడ భోజనానికి ముందే అక్కనూ బావనూ కూర్చోబెట్టి చెప్పింది. పధ్నాలుగు అంకె తనదేనని, దానివల్లే ఆ బ్యాంకు ఫెయిలైందని, తొమ్మిదో పేజీ తను ముందే చదివిందని.

బావ మొదట నవ్వాడు. "అంటే నా ఉత్తరం నువ్వు రాసిందేనన్నమాట," అన్నాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఆ కాగితాలు పరిచిన రోజు... నేను కొనమంటావా అని అడిగానే. ఆ రోజుకి నీకు తెలుసా?"

"తెలుసు బావా."

"అంకె సంగతి వదిలెయ్. అది నీ పని, నువ్వు చేశావు. చెప్పకూడనిది చెప్పమని కూడా నేననను. కానీ తొందరపడకు బావా అని ఒక్క మాట..."

"అనొచ్చు. అనాల్సింది. తర్వాత తెలిసింది అనొచ్చని."

బావ లేచి చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. విసురుగా ఏం కాదు, మామూలుగానే. ఆవిడ అక్కవైపు చూసింది. అక్క ఏడుస్తుందనుకుంది. అక్క ఏడవలేదు.

"ఇదంతా ఇప్పుడెందుకు చెప్పావే?" అంది.

"దాచలేకపోయాను అక్కా."

"ఆయన పాపం ఎవరి మీదా కోపం పెట్టుకోలేదు. టైము బాలేదు అనుకుని సర్దుకుంటున్నాడు. ఇప్పుడు రోజూ ఆ ఆదివారమే గుర్తు చేసుకుంటాడు. నీ గుండె బరువు దించుకోవడానికి తెచ్చి ఆయన నెత్తిన పెట్టావు."

ఆ మాట ఆవిడకు తగలాల్సిన చోటే తగిలింది. అప్పుడు చెప్పకపోవడం తప్పయితే, ఇప్పుడు చెప్పడం కూడా తన కోసమే చేసిందా? నన్ను అడిగింది. నిజమే చెప్పాను, తెలీదన్నాను.

చాలా నెలలు ఆవిడ ఆదివారాలు వాళ్లింటికి వెళ్లలేదు. అక్క పిలిచేది, ఈవిడ పనుందనేది. ఒక సెలవు రోజున మాత్రం తీగతాత ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఇరుకు సందులో మేడ మీద ఒంటి గది. తాత లేడు, పుస్తకాలు కుట్టేచోట పని దొరికిందట. జీతం సగమే. ఆయన భార్య స్టూలు వేసి కూర్చోబెట్టింది. "మీ బావగారు చాలా మంచోరమ్మా. తనకే కష్టంగా ఉన్నా రెండు నెల్ల జీతం చేతిలో పెట్టి పంపారు. అదేదో బ్యాంకోళ్లు మోసం చేశారంట గదా?" అంది. ఈవిడ చెబుదామనే వెళ్లింది. అక్క అన్న మాట అడ్డొచ్చింది. ముసలామెకు చెప్పి ఏం సాధిస్తుంది? చెప్పకుండానే లేచింది. చెప్పకపోవడం ఈసారి మంచికో, మళ్లీ భయానికో తేల్చుకోలేకపోయానంది.

తర్వాతి ఏడు పరీక్షలో ఆ పెద్ద బ్యాంకు దర్జాగా పాసైంది. వీధి వీధిలో బోర్డులు పెట్టుకుంది. మేం ఊహించిన కష్టకాలం మాత్రం రాలేదు. వచ్చి ఉంటే, పధ్నాలుగు సరైనదని, ఆ బ్యాంకులో డబ్బు దాచుకున్న లక్షలమందిని ఆవిడే కాపాడిందని అనుకునేవాళ్లం. రాలేదు కాబట్టి పధ్నాలుగో పదకొండో ఎవరికీ తెలీదు. ఆ మాటతో ఓదార్చబోతే, "దేశంలో కష్టకాలం రాలేదు. ఆరిళ్లకు మాత్రం వచ్చింది. మా అక్కతో కలిపి ఏడు," అంది.

ఆ ఏడే ఆవిడ మూడు పేజీల నోటు రాసింది. ఫెయిలైన బ్యాంకు చిన్నవాళ్ల అప్పులు కోసి గట్టెక్కాలనుకుంటే, ఎవరెవరికి ఎంత కోస్తుందో ముందే మాకు చూపాలి. కోసే ముందు వాళ్లకు కనీసం ఏడాది గడువివ్వాలి. డైరెక్టరుగారు సంతకం పెట్టి పైకి పంపారు. పైవాళ్లు బేరమాడి ఏడాదిని ఆరు నెలలు చేశారు. బంధువుల ఫారంలో అక్కచెల్లెళ్ల భర్తల కోసం ఒక గడి కొత్తగా చేర్చారు. నన్ను పదకొండా పధ్నాలుగా అని అడిగితే ఈసారి పధ్నాలుగుకే ఓటేశాను. ఆవిడ టీ ఇప్పించలేదు.

రెండేళ్ల తర్వాత బావ ఉద్యోగం మానేసి, పాత షెడ్డులోనే పాత మిషన్లు రెండు పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఓడీ లేదు. చేతిలో ఉన్నంత అట్ట కొంటాడు, అమ్మాక మళ్లీ కొంటాడు. ఇద్దరే పనివాళ్లు. అక్క పోరగా పోరగా ఈవిడ మళ్లీ ఆదివారాలు వెళ్లడం మొదలుపెట్టింది. బావ బాగానే మాట్లాడతాడు. కూర్చోమంటాడు, ఒంట్లో ఎలా ఉందని అడుగుతాడు. మరదలా అని మాత్రం పిలవడు, "అమ్మా" అంటాడు.

ఒక ఆదివారం వడ్డన జరుగుతుండగా బావ అడిగాడట. "మా పక్క షెడ్డువాడికి బ్యాంకు ఉత్తరం వచ్చిందమ్మా. లిమిట్ తగ్గిస్తారంట, కానీ ఆరు నెల్లు టైమిచ్చారు. కొత్త రూలంట. మీ పనేనా?"

"అవును బావా."

"మంచిది. వాడు తట్టుకుంటాడు," అన్నాడు. అన్నం కలుపుకుంటూ, బస్సు టైము చెప్పినట్టు మామూలుగా, "మాకే కాస్త ఆలస్యమైంది," అన్నాడు.

ఆవిడ తలొంచుకుని తినడం మొదలుపెట్టింది. అక్క అడక్కుండానే ఆవిడ కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.